అడవి సంరక్షణ, అటవీ సంపద వినియోగం: తూర్పు కనుమల అనుభవం

అడవిని నిలుపుకుంటూనే దాని నుంచి కర్ర, ఆకు, జిగురు, తేనె, ఖనిజం, నీరు పొందడం ఎలా అన్నది అటవీశాస్త్రం పుట్టిన నాటి నుంచీ ఉన్న ప్రశ్న. దీన్ని సాధారణంగా సంరక్షణకూ అభివృద్ధికీ మధ్య తగవుగా చెబుతుంటారు. తూర్పు కనుమల్లో, గోదావరి లోయలో, నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో నడిచిన చరిత్రను దగ్గరగా చూస్తే ఆ మాటలో సగమే నిజం కనిపిస్తుంది. అక్కడ అడవిని వాడుకోని కాలమంటూ లేదు. కొన్ని వాడకాలు తరతరాలుగా సాగినా అడవి నిలిచింది. కొన్ని రెండు మూడు దశాబ్దాల్లోనే గుట్టల్ని బోడి చేశాయి. వచ్చే ఏడాది కూడా అదే చెట్టు దగ్గరికి రావలసిన అవసరం, వచ్చే హక్కు వాడేవారికి ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టే చాలాచోట్ల ఫలితం మారింది. ఈ వ్యాసం ఆ తేడాను ఉత్పత్తుల వారీగా, చట్టాల వారీగా పరిశీలిస్తుంది.

భావన, తొలి చట్టాలు

అడవి ఏటా ఎంత పెరుగుతుందో అంతే నరకాలన్న సూత్రాన్ని 1713లో గ్రంథస్థం చేసినవాడు జర్మనీలోని సాక్సనీ రాజ్యపు గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్. వెండి కరిగించే కొలుములకు కట్టెలు కరువైన రోజుల్లో ఆయన ఈ ఆలోచన చేశాడు. సుస్థిర వినియోగమన్న భావనకు మూలం పరిశ్రమ అవసరమేనన్న సంగతి గుర్తుంచుకోదగ్గది. ఆ జర్మన్ విద్యే తర్వాత భారతదేశానికి వచ్చింది. రైలు పట్టాల కింద వేసే దిమ్మెలకు టేకు, సాల కర్ర విపరీతంగా కావలసివచ్చి, బ్రిటిష్ ప్రభుత్వం 1864లో డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుణ్ణి దేశపు తొలి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించింది. అడవిని కూపులుగా విడదీసి, ఏ సంవత్సరం ఏ కూపు నరకాలో, ఎన్నేళ్ళు మళ్ళీ ముట్టకూడదో ముందే రాసిపెట్టే వర్కింగ్ ప్లాన్ పద్ధతి అలా స్థిరపడింది. ఈనాటికీ అటవీ డివిజన్లు ఆ ప్రణాళికల మీదే నడుస్తున్నాయి.

ఆ ప్రణాళికల్లో చెట్ల లెక్క పక్కాగా ఉంది. చెట్ల మధ్య బతికే మనుషుల లెక్క లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం కింద అడవులకు రిజర్వు హద్దులు పడ్డాయి. కొండవాలులో పొద నరికి కాల్చి చేసే పోడు సాగు నేరమైంది, పశువుల మేతకు రుసుము వచ్చింది. ఈ చట్టానికి ముందే, 1879లో, కల్లు మీద పన్ను, మైదానపు వ్యాపారుల అప్పులు, కొండ ఊళ్ళపై పెత్తనమున్న ముఠాదారుల మీద ఒత్తిళ్ళు కలిసి రంప ఫితూరీ అనే తిరుగుబాటుకు దారితీశాయి. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటు వెనుక పోడుపై ఆంక్షలు, రోడ్డు పనులకు వెట్టిచాకిరీ ఉన్నాయి. నిజాం రాజ్యంలో రిజర్వు అడవి పేరుతో గోండుల సాగుభూములు లాక్కోవడం కొమరం భీం పోరాటానికి కారణమైంది. 1940లో జోడేఘాట్ దగ్గర ఆయన పోలీసు కాల్పుల్లో మరణించాక, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడితో పరిశీలన చేయించింది. ఆయన సిఫారసులతో ఆదిలాబాద్ గోండులకు పట్టాలు దక్కాయి. అరవై ఏళ్ళలో మూడు తిరుగుబాట్లు రావడం అటవీ ప్రాంతాల పాలనలోని లోపాన్ని ఏ నివేదిక కన్నా స్పష్టంగా చూపించింది. అయినా 1952 జాతీయ అటవీ విధానం కూడా అడవిని ప్రధానంగా జాతీయ అవసరాలకు కర్రనిచ్చే వనరుగానే చూసింది. పర్యావరణ స్థిరత్వమే ప్రధాన లక్ష్యమని, ఆదాయం దాని తర్వాతేనని చెప్పడానికి 1988 విధానం దాకా ఆగవలసి వచ్చింది.

చిన్న తరహా అటవీ ఉత్పత్తులు

చెట్టును నరకకుండా వచ్చే ఆకు, పువ్వు, కాయ, గింజ, జిగురు, తేనె, చీపురు వంటివన్నీ చిన్న తరహా అటవీ ఉత్పత్తుల కిందికి వస్తాయి. మన్యం కుటుంబాలకు సాగు పంట చేతికి రాని నెలల్లో, ముఖ్యంగా ఎండాకాలంలో, చేతిలో డబ్బు ఆడేది వీటి వల్లే. ఒకప్పుడు ఇవన్నీ వారపు సంతలో షావుకారు చేతికి ఉప్పుకూ బట్టకూ పాత అప్పుకూ బదులుగా వెళ్ళేవి. ఆ దోపిడీని అరికట్టడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చింతపండు, కుంకుళ్ళు, సీకాయ, కరక్కాయ, ముష్టి గింజలు, చిల్లగింజలు, కొండచీపుర్లు, తేనె, తపసి జిగురు వంటివి సంతల్లో కొని, ఊళ్ళలోని డిపోల ద్వారా బియ్యం, ఉప్పు, నూనె అమ్మడం దాని పని. 1979లో వచ్చిన నిబంధనతో షెడ్యూల్డు ప్రాంతాల్లో ఈ సరుకుల కొనుగోలు హక్కు ఆ సంస్థకే దక్కింది. షావుకారు తూకం నుంచి రక్షణ దొరికింది నిజమే. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర కూడా ఆ ఒక్కడే చెబుతాడన్న విమర్శ కూడా అప్పటి నుంచే ఉంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే సంస్థ ఏర్పడింది.

ఈ సరుకుల్లో తపసి జిగురు చరిత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. రాతి గుట్టల మీద, తెల్లటి నున్నని బెరడుతో పెరిగే తపసి చెట్టుకు గాటు పెడితే కారే జిగురు ఇది. కట్టుడు పళ్ళు చిగుళ్ళకు అంటి ఉండటానికి వాడే పొడుల్లో, విరేచన మందుల్లో, ఆహార పరిశ్రమలో చిక్కదనానికి వాడతారు. చాలాకాలం ప్రపంచానికి దీన్ని ప్రధానంగా అందించింది భారతదేశమే. పాత పద్ధతిలో గొడ్డలితో చెట్టు లోపలి చేవ దాకా నరికేవారు. జిగురు ఒక్కసారిగా ఎక్కువ వచ్చేది. గాయం మానక చెట్టు ఎండిపోయేది. మట్టి, బెరడు కలిసిన జిగురు గనక ధర కూడా తక్కువే. విశాఖపట్నానికి చెందిన కోవెల్ ఫౌండేషన్, గిరిజన సహకార సంస్థ కలిసి సేకర్తలకు మరో పద్ధతి నేర్పాయి. చిన్న పదునైన కత్తితో బెరడును పలుచగా మాత్రమే చెక్కడం, గాట్ల మధ్య ఎడం వదలడం, సన్నని మొక్కను ముట్టకపోవడం, కారిన జిగురును శుభ్రంగా పట్టి రంగును బట్టి వేరుచేయడం అందులో భాగం. గాయం మానుతుంది, చెట్టు బతుకుతుంది, తెల్లని జిగురుకు ఎక్కువ ధర పలుకుతుంది. ఇక్కడ సంరక్షణకూ ఆదాయానికీ మధ్య పేచీయే రాలేదు. అయితే ఈ పద్ధతిలో కొంత ఓపిక పట్టాలి. ఆ చెట్టును మరొకడు వచ్చి గొడ్డలితో నరకడన్న నమ్మకం లేకపోతే ఆ ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఏ కుటుంబం ఏ గుట్టమీది చెట్లు గీయాలో ఊరే పంచుకున్నచోట ఇది నిలబడే అవకాశం ఎక్కువ.

నరమామిడి చెక్కకు పట్టిన గతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఈ చెట్టు బెరడు పొడికి జిగట గుణం ఉంది. అగరుబత్తీ పుల్లకు సుగంధ ద్రవ్యం అంటుకోవడానికి దాన్నే వాడతారు. పరిశ్రమ పెరిగేకొద్దీ బెరడుకు గిరాకీ పెరిగింది. చుట్టూ బెరడంతా ఒలిచేస్తే చెట్టు నిలువునా చస్తుంది. ఒక పక్క మాత్రమే ఒలిస్తే మళ్ళీ పడుతుంది. కానీ ముందు వచ్చినవాడిదే సరుకన్న పోటీలో ఒక పక్క వదిలేవారు కరువయ్యారు. చాలా అడవుల్లో ఈ చెట్టు అరుదైపోయింది. తేనె విషయంలోనూ ఇదే పాఠం వర్తిస్తుంది. పెర మొత్తాన్ని మంటపెట్టి దించితే ఈగలూ పిల్లలూ మాడిపోతాయి. తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోసి మిగతాది వదిలితే తుట్టె నిలుస్తుంది. నల్లమల చెంచులకు కొండచరియల పెరల మీద కుటుంబాల వారీ హక్కులు సంప్రదాయంగానే ఉన్నాయి.

తెలంగాణ అడవుల్లో డబ్బు రూపంలో అన్నిటికన్నా పెద్ద పంట బీడీలు చుట్టే తునికాకు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి మొక్కల కొమ్మ కొడతారు; వేసవి మొదట్లో లేత చిగురు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే అడవికి వెళ్ళి ఆకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లంలో లెక్కకు ఇస్తారు. పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళదీ పిల్లలదీ. సీజను కొద్ది వారాలే అయినా, తొలకరి విత్తనాలకు పెట్టుబడి ఆ డబ్బే. 1970లలో రాష్ట్రం ఈ వ్యాపారాన్ని తన అధీనంలోకి తీసుకుంది. యూనిట్ల వారీగా టెండరు పిలిచి, వచ్చిన నికర ఆదాయాన్ని సేకర్తలకు బోనస్‌గా పంచే విధానం తర్వాత వచ్చింది. చిగురు ఎక్కువగా రావాలని కొన్నిచోట్ల కొమ్మ కొట్టడానికి బదులు నేలకు నిప్పు పెట్టడం వల్ల వేసవి కార్చిచ్చులు పెరుగుతాయి. మొలకెత్తిన ఇతర చెట్ల పిల్లలన్నీ అందులో పోతాయి. ఇక బీడీ ఆరోగ్యానికి చేసే చేటు తెలిసిందే. బీడీ వాడకం తగ్గడం మంచిదే, తగ్గాలి కూడా. అప్పుడు ఈ ఆదాయం స్థానంలో ఏమి వస్తుందన్న ఆలోచన మాత్రం ఇప్పటి నుంచే చేయవలసి ఉంది. అడ్డాకు విస్తళ్ళ మార్కెట్టును థర్మాకోల్, ప్లాస్టిక్ పూత కాగితం పళ్ళేలు ఎంతగా దెబ్బతీశాయో చూశాం. ఉట్నూరు ప్రాంతంలో మహిళా సంఘాలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్మడం ఈ దిశలో చిన్నదే అయినా మంచి ఆరంభం. సరుకును పచ్చిగా అమ్మకుండా ఊళ్ళోనే తయారీ చేస్తే వచ్చే విలువలో ఎక్కువ భాగం ఊళ్ళోనే ఉంటుంది.

చేతివృత్తుల అవసరాలు కూడా ఈ కోవలోనివే. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర, కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్ర కావాలి. అంకుడు నరికిన మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి పద్ధతిగా కోస్తే తరగని వనరు. తెల్లపొణికి విషయంలో చుట్టుపక్కల కర్ర దొరకడం కష్టమైపోయి కళాకారులు ఇబ్బంది పడుతున్నారు. మిగిలిన వాడకాలతో పోలిస్తే వీరికి కావలసిన కర్ర చాలా కొద్ది. ఒక గ్రామానికి కొన్ని ఎకరాల తోట కేటాయిస్తే తీరే సమస్య ఇది.

వెదురు, కాగితం

పరిశ్రమ కోసం అడవిని వాడితే ఏమవుతుందో కాగితం మిల్లుల చరిత్ర చెబుతుంది. కాగజ్‌నగర్‌లోని సిర్పూరు మిల్లు, రాజమహేంద్రవరంలోని ఆంధ్ర పేపర్ మిల్లు, 1970ల చివర్లో భద్రాచలం దగ్గర సారపాకలో మొదలైన మిల్లు మొదట అడవి వెదురు మీదే ఆధారపడ్డాయి. వెదురు గడ్డి జాతిది. గుబురులో ఆ ఏటి పిలకలనూ ముందటేటివీ వదిలి, ముదిరిన బొంగులనే నేలకు కాస్త పైన కోసి, మూడు నాలుగేళ్ళకొకసారి మాత్రమే ఆ గుబురుకు వస్తే అది ఏళ్ళ తరబడి బొంగులిస్తుంది. మిల్లులకు దీర్ఘకాలపు ఒప్పందాల మీద మార్కెట్టు కన్నా బాగా తక్కువ రాయల్టీకి వెదురు ఇచ్చారు. బుట్టలు అల్లుకునే మేదరికి మాత్రం అదే వెదురు కొనలేనంత ధరకు, అందీ అందకుండా దొరికేది. ధర అంత చవకగా ఉన్నప్పుడు గుబురును జాగ్రత్తగా కోయించే అవసరం ఎవరికీ కనబడలేదు. గుబురులు పాడయ్యాయి, మిల్లులు దూరప్రాంతాల వెదురు వెతుక్కోవలసి వచ్చింది.

1988 విధానం పరిశ్రమలు తమ ముడిసరుకును రైతుల ద్వారా పెంచుకోవాలని చెప్పింది. భద్రాచలం మిల్లు 1980ల చివర్లో మేలురకం జామాయిల్ క్లోన్ల ఎంపిక మొదలుపెట్టి, ఆ తర్వాత వాటిని రైతులకు ఇచ్చింది. ఖమ్మం, కృష్ణా, ప్రకాశం జిల్లాల్లో జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు విస్తరించాయి. మెట్ట రైతుకు నాలుగైదేళ్ళకొక కోత, అడవి వెదురుకు విశ్రాంతి దొరికాయి. ఇందులో చిక్కులు లేకపోలేదు. కొనే మిల్లులు తక్కువ కాబట్టి ధర పడిపోయిన ఏడాది రైతుకు వేరే దారి లేదు. ప్రకాశం, కృష్ణా జిల్లాల సుబాబుల్ రైతులు ధరల కోసం చేసిన ఆందోళనలే సాక్ష్యం. తిండిగింజల నేల తోటలకు మళ్ళింది. అయినా మొత్తం మీద చూస్తే, అడవి మీద పరిశ్రమ భారాన్ని పొలం మీదికి మార్చడం ఈ ప్రాంతంలో అడవికి జరిగిన పెద్ద మేళ్ళలో ఒకటని ఒప్పుకోవాలి.

వెదురు హక్కు కథ చట్టంలోనూ నడిచింది. 1927 భారత అటవీ చట్టం వెదురును చెట్టుగా పరిగణించింది; 2006 అటవీ హక్కుల చట్టం చిన్న ఉత్పత్తిగా గుర్తించింది. ఈ రెంటి మధ్య పదేళ్ళకు పైగా లాగులాట సాగాక, 2017లో అడవి బయట పెరిగే వెదురును చెట్టు నిర్వచనం నుంచి తొలగించారు. అంతకుముందే 2011లో గడ్చిరోలి జిల్లాలోని మేంఢా లేఖా అనే గోండు గ్రామం తన సామూహిక అడవి నుంచి వెదురును తానే అమ్ముకునే హక్కు సాధించింది. ప్రాణహితకు ఆవలి ఒడ్డున, ఆసిఫాబాద్ అడవులకు పొరుగున ఉన్న జిల్లా అది. ఆ హక్కుతో అక్కడి గ్రామసభే కోత నియమాలు పెట్టి, కూలీ చెల్లించి, లాభాన్ని ఊరి పనులకు వాడింది.

పోడు, కాఫీ

కొండవాలులో పొద నరికి, ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిద సారంలో చోళ్ళు, సామలు, కందులు కలిపి చల్లి, రెండు మూడేళ్ళు పండించాక ఆ వాలును చాలా ఏళ్ళు వదిలేయడం పోడు పద్ధతి. వదిలేసిన ఏళ్ళు ఎక్కువగా ఉన్నంత కాలం అడవి తిరిగి లేచేది. రిజర్వు హద్దులు, ప్రాజెక్టుల ముంపు, మైదానం నుంచి వలసలు, జనాభా పెరుగుదల కలిసి ఆ విరామాన్ని కుదించేశాయి. అప్పుడు మాత్రమే పోడు వాలును కోతకు గురిచేసే సాగుగా మారింది. ఈ తేడాను పట్టించుకోకుండా పోడును మొత్తంగా నేరమనడం, లేదా మొత్తంగా హానిలేనిదనడం రెండూ తప్పే.

విశాఖ మన్యంలో పోడుకు ప్రత్యామ్నాయంగా వచ్చింది కాఫీ. 1960లలో అటవీ శాఖ నీడచెట్ల కింద కాఫీ వేసింది. తర్వాత పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు గిరిజన రైతుల సొంత భూముల్లోకి దాన్ని తీసుకువెళ్ళాయి. సిల్వర్ ఓక్ నీడలో అరబికా, సిల్వర్ ఓక్ మానుకు మిరియాల తీగ అక్కడి సాధారణ తోట. కాఫీ ఉన్న వాలుకు ఎవరూ నిప్పు పెట్టరు. ఏళ్ళ తరబడి కాపు ఇచ్చే మొక్కను వదిలి కొత్త పొద నరకరు. సాగు విస్తీర్ణం రెండు లక్షల ఎకరాలు దాటింది. సహకార సంఘంగా ఏర్పడిన రైతుల కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణంలో అమ్మకానికి వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మన్యం రైతు తన భూమిలో వేసిన పంటకు దేశంలో ఇంత పేరు రావడం అరుదు.

లోపం కూడా చెప్పాలి. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. త్వరగా పెరుగుతుంది, నిటారుగా ఉండి మిరియాలకు అనువుగా ఉంటుంది, నరికి అమ్ముకోవచ్చు. పనస, నేరేడు, మామిడి వంటి స్థానిక నీడచెట్ల స్థానంలో ఒకే విదేశీ చెట్టు వరుసలు పెరిగిన వాలు పచ్చగా కనిపించినా పక్షికీ తేనెటీగకూ అంతగా పనికిరాదు. చోళ్ళు, సామలు తగ్గినచోట ఇంట్లో తిండి రకాలు కూడా తగ్గుతాయి. స్థానిక చెట్లను కలిపి పెంచే తోటకు కాఫీ కొనేవారు కొంచెం ఎక్కువ ధర చెల్లించే పద్ధతి విస్తరిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

ఊరూ అటవీశాఖా కలిసి

పశ్చిమ బెంగాల్‌లోని ఆరాబారీలో 1970లలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి, నరికేవారినే కాపలాదారులుగా చేసి ఆదాయంలో వాటా ఇచ్చి, పాడైన సాల అడవిని తిరిగి లేపాడు. ఆ ప్రయోగం 1990లో కేంద్ర విధానమైంది. 1992లో ఆంధ్రప్రదేశ్ దాన్ని అందుకుని వనసంరక్షణ సమితులు ఏర్పాటు చేసింది. ప్రపంచ బ్యాంకు రుణంతో 2000ల తొలి ఏళ్ళకు సమితుల సంఖ్య ఎనిమిది వేలు దాటింది. అడవిని కాపాడినందుకు కర్ర, వెదురు ఆదాయం మొత్తం సమితికే చెందాలన్న ఉదారమైన నియమం ఇక్కడ పెట్టారు. చాలాచోట్ల మేత ఆపడం, కట్టె కోత ఆపడం వల్ల బోడి గుట్టలు పొదలెక్కాయి. కందకాలు, చెక్‌డ్యాముల పని కూలీ ఇచ్చింది. కోరింగ మడ అడవుల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ మత్స్యకారులతో కలిసి, ఉప్పు పేరుకున్న నేలల్లోకి చేప ముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వి పోటునీరు చేర్చి, మడ మొక్కల్ని తిరిగి నిలిపింది. రొయ్యకూ పీతకూ పిల్లదశ గడిచేది అక్కడే గనక ఆ ఫలితం నేరుగా వలలోకి వచ్చేదే.

సమితుల బలహీనత రుణం ఆగిపోయాక బయటపడింది. ఖాతా మీద అటవీ అధికారి సంతకం లేనిదే పైసా కదలదు. ఊరికి ఉన్నది బాధ్యత, శాఖకు ఉన్నది అధికారం. కొన్ని ఊళ్ళలో పోడు భూములే సమితి తోటలయ్యాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఈ లోటును తీర్చడానికి వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్ల దాకా హక్కుపత్రం, గ్రామసభకు తన సామూహిక అడవిని నిర్వహించే హక్కు అందులోని రెండు ప్రధాన భాగాలు. తెలుగు రాష్ట్రాల్లో మొదటిదానికే ప్రాధాన్యం దక్కింది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పోడు పట్టాలు ఇచ్చింది. అందుకు కొద్ది నెలల ముందే, 2022 నవంబరులో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదంలో ఒక రేంజి అధికారి హత్యకు గురయ్యారు. హద్దులు ఎంతకాలం తేలకుండా ఉంటే అడవి ఉద్యోగికీ సాగుదారుకూ అంత ప్రమాదమని ఆ దుర్ఘటన చెబుతోంది. సామూహిక హక్కు పత్రాలు మాత్రం చాలా వెనుకబడ్డాయి. ఇచ్చినచోట కూడా కొన్ని గ్రామసభ పేరిట కాక సమితి పేరిట ఇచ్చారన్న విమర్శ వచ్చింది. వ్యక్తిగత పట్టా సాగునేలను తేల్చుతుంది. చుట్టూ మిగిలిన అడవిని ఎవరు చూసుకోవాలో తేల్చేది రెండో హక్కే. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో రెండు రాష్ట్రాలూ చేయవలసిన పనుల్లో మొదటిది అదే.

ఎర్రచందనం

శేషాచలం, వెలికొండ, లంకమల, పాలకొండ గుట్టల్లో తప్ప ప్రపంచంలో సహజంగా దాదాపు మరెక్కడా పెరగని చెట్టు ఎర్రచందనం. చైనాలో ఖరీదైన సామాన్లకూ, జపాన్‌లో తంత్రీవాద్యాలకూ దీని గిరాకీ. 1995 నుంచి ఇది అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందపు (సైటిస్) రెండో అనుబంధంలో ఉంది. అడవి కర్ర ఎగుమతి నిషేధం. నిషేధం ఉన్నా దొంగకోత ఆగలేదు. లాభం దూరాన ఉన్న వ్యాపారికి, గొడ్డలి పట్టే ప్రమాదం తమిళనాడు కొండల నుంచి వచ్చే పేద కూలీకి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. పట్టుబడిన దుంగల్ని ప్రభుత్వం ఈ-వేలం ద్వారా అమ్ముతోంది. ఆ ఆదాయం పెద్దదే గాని, గుట్టల కింద ఉండే ఊళ్ళకు అడవిలోని బతికిన చెట్టు వల్ల వచ్చేది ఏమీ లేదు. మరోవైపు రైతులు తమ పొలాల్లో పెంచిన ఎర్రచందనానికి కోత, రవాణా, ఎగుమతి అనుమతులు ఏళ్ళ తరబడి చిక్కుముడిగా ఉన్నాయి. 2023 నవంబరులో ఆ ఒప్పందపు స్థాయీ సంఘం భారత ఎర్రచందనాన్ని ప్రత్యేక సమీక్ష నుంచి తొలగించడం పొలం కర్రకు దారి తెరిచింది. వెదురు విషయంలో జామాయిల్ చేసిన మేలే అడవి ఎర్రచందనానికి పొలం ఎర్రచందనం చేయగలదు, పొలం కర్ర పేరుతో అడవి కర్ర బయటికి పోకుండా చూడగలిగితే. చేవ కట్టడానికి దశాబ్దాలు పట్టే చెట్టు కాబట్టి ఇది తొందరగా కనబడే ఫలితం కాదు.

గనులు, నీళ్ళు

ఆకూ జిగురూ మళ్ళీ వస్తాయి; ఖనిజం తవ్వితే రాదు. గనుల విషయంలో సమతూకమంటే ఎక్కడ తవ్వకూడదో ముందు నిర్ణయించుకోవడం. అనంతగిరి మండలంలో గిరిజన భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వడాన్ని సమత అనే సంస్థ సవాలు చేసింది. 1997లో సుప్రీంకోర్టు, ఐదో షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. 1959 భూబదలాయింపు నిబంధనలో వ్యక్తి అన్న నిర్వచనంలోకి ప్రభుత్వం కూడా వస్తుందని అది తేల్చింది. చింతపల్లి, అరకు కొండల బాక్సైట్‌లో జెర్రెల ప్రాంతపు తవ్వకానికి 2015లో ఇచ్చిన ఉత్తర్వు గిరిజనుల నిరసనతో ఆగి, 2019లో రద్దయింది. అదే కనుమల ఒడిశా భాగంలో, నియమగిరి బాక్సైట్ విషయంలో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్నే అడగమంది. అడిగిన పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానించింది. చెంచుల నివాసమూ అమ్రాబాద్ పులుల అభయారణ్యమూ ఆ అడవే.

బాక్సైట్ కొండల విషయంలో ఒక అంశం తరచూ లెక్కలోకి రాదు. ఆ కొండల వరుస నుంచే గోస్తని, శారద నదులు దిగుతాయి. గోస్తని మీది తాటిపూడి, శారద మీది రైవాడ జలాశయాలు విశాఖపట్నానికి తాగునీరిస్తాయి. ఖనిజానికి టన్నుకింత ధర ఉంది. వేసవిలో కూడా ఊట ఆరని కొండకు మార్కెట్టులో ధర లేదు.

ధర కట్టే ప్రయత్నాలు

అడవి భూమిని ఇతర పనులకు మళ్ళించాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఆ రక్షణ రికార్డుల్లో అడవిగా ఉన్న అన్ని భూములకూ, నిఘంటువు అర్థంలో అడవి అనదగ్గ భూములకూ విస్తరించింది. మళ్ళించిన భూమికి నికర వర్తమాన విలువ చెల్లించాలని సుప్రీంకోర్టు చెప్పి, 2008లో హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా రేట్లు ఖరారు చేసింది. ఆ సొమ్ముతో ప్రత్యామ్నాయ వనాలు పెంచడానికి 2016లో వేరే చట్టం వచ్చింది. సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనులకు పోయిన అడవికి బదులు మరోచోట నాటిన మొక్కలు లెక్క సరిచేస్తాయి. నూరేళ్ళ మద్ది, ఏగిస చెట్ల కింద ఉన్న నీటినీ తేనెనూ మూలికనూ నాటిన తోట తిరిగి ఇవ్వలేదు.

లెక్కల తీరు కూడా గమనించాలి. 2021 అటవీ నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 29,784 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో 21,214 చదరపు కిలోమీటర్లు అడవి కప్పు ఉండేది. అంతకుముందు రెండేళ్ళ పెరుగుదలలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది రెండోది. హెక్టారుకు మించిన నేలలో పది శాతం చెట్టునీడ ఉంటే ఉపగ్రహ చిత్రంలో అది అడవి కప్పే. మామిడితోటా, జామాయిల్ తోటా అందులోకి వస్తాయి. ఈ అంకె ఎంత పెరిగినా పాత అడవి ఎంత మిగిలిందో దాని వల్ల తెలియదు.

అడవి ఉంచుకున్నందుకు రాష్ట్రాలకు ప్రతిఫలం ఇవ్వాలన్న ఆలోచనను పెద్దఎత్తున ఆచరణలో పెట్టింది వై.వి. రెడ్డి అధ్యక్షతన ఏర్పడిన పద్నాలుగో ఆర్థిక సంఘం. 2015 నుంచి కేంద్ర పన్నుల వాటాలో అడవి కప్పుకు 7.5 శాతం బరువు ఇచ్చింది. పదిహేనో సంఘం దాన్ని 10 శాతానికి పెంచింది. ఆ డబ్బు రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. అడవిని కాచే ఊరికి అందులో ఫలానా వాటా ఇవ్వాలన్న నిబంధన లేదు. కోస్టారికా 1996 చట్టంతో ఇంధనపు పన్ను నుంచి అడవి యజమానులకు చెల్లిస్తోంది. న్యూయార్క్ నగరం 1997 ఒప్పందంతో తన నీటి పరీవాహక గ్రామాలకు ఖర్చు పెట్టి శుద్ధి కర్మాగారపు భారాన్ని తప్పించుకుంది. హిమాచల్‌లోని పాలంపూర్ పట్టణం 2010లో ఎగువ గ్రామంతో ఊటనీటికి ఇలాంటి ఒప్పందమే చేసుకుంది. విశాఖపట్నం నీటి ఛార్జీల్లో అనంతగిరి, మాడుగుల కొండల గ్రామసభలకు ఇంతవరకు వాటా లేదు. ఇవ్వడానికి కొత్త చట్టం అక్కరలేదు. నగరపాలక సంస్థ తీర్మానం, సామూహిక హక్కు పత్రం ఉన్న గ్రామసభ, రెండింటి మధ్య ఒప్పందం చాలు.